ఒట్టు చీటీలో తేదీ

ఆ ఆదివారం ఫెర్మీన్ మాష్టారు కిటికీ తియ్యలేదు.

ఉదయం పూజ ముగిసింది. మాక్సిమినో ఫాదర్ తన పాత వ్యానెక్కి కొండ మీది పల్లెలకు వెళ్ళిపోయాడు. చర్చి గంట రెండోసారి మోగిందంటే వెనక వీధిలో ఆసరా ఇంటి ఆకుపచ్చ కిటికీ తెరుచుకోవాలి. సాన్ హసింతో ఊళ్ళో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. కిటికీ లోపల ఒక బల్ల, దాని మీద ఒట్టు చీటీల పెట్టె, గోడకు దేవమాత గ్వాదలూపే తల్లి పటం. కిటికీ బయట అరుగు. తాగుడు మానేస్తామని ఒట్టు పెట్టడానికి వచ్చిన మగవాళ్ళు, వాళ్ళను లాక్కొచ్చిన ఆడవాళ్ళు ఆ అరుగు మీద కూర్చుంటారు. విభూది బుధవారం దాటాక, ఈస్టరు ముందు ఉపవాసాల రోజుల్లో వచ్చే ఆదివారాల్లో అరుగు చాలక రోడ్డు మీద కూడా నిలబడతారు.

ఇవాళ కూడా వచ్చారు. మూసిన రెక్కల వెనక, చీకట్లో, కోటు గుండీలన్నీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్న ఫెర్మీన్‌కు వాళ్ళ గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి. కిటికీ ఎందుకు మూశారని ఒకరు అడిగారు. అరుగు మీదనుంచి నికనోర్ మెల్లగా జవాబు చెప్పాడు.

"మాష్టారికి ఒంట్లో బాగాలేదు. వచ్చే ఆదివారం రండి."

అలా నలుగురికి చెప్పాడు, అయిదుగురికి చెప్పాడు. పదకొండు గంటలయ్యేసరికి అరుగు ఖాళీ అయింది. నికనోర్ ఒక్కడే మిగిలాడు. కిటికీ మూసింది అతని కోసమే. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే మాష్టారి కోసం అబద్ధమాడాడు.

"మాష్టారూ," అన్నాడు బయటినుంచి. "కిటికీ పక్క తలుపు కింద సందులోంచి మీ బూట్లు కనిపిస్తున్నాయి."

ఫెర్మీన్ కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"ఇప్పుడు కనిపించట్లేదు," అన్నాడు నికనోర్. "తొందరేం లేదు. నేను కూర్చుంటాను."

ఒట్టు చీటీ అరచేయంత అట్టముక్క. ముందువైపు తల్లి బొమ్మ. వెనకవైపు నాలుగు అచ్చు వరసలు: ఫలానా నేను, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మద్యం ముట్టనని తల్లి ఎదుట ఒట్టు పెడుతున్నాను. కింద ఒట్టు పెట్టినవాడి సంతకానికో గీత, సాక్షి సంతకానికో గీత. పెళ్ళిలోనో దినంలోనో ఎవరైనా గ్లాసు చేతికిస్తే, జేబులోంచి ఆ చీటీ తీసి చూపిస్తే చాలు. ఎంత మైకంలో ఉన్న స్నేహితుడైనా టోపీ తీసి గ్లాసు వెనక్కి పెట్టుకుంటాడు. ఈ ఊళ్ళో ఆ అట్టముక్కకు ఉన్న విలువ డాక్టరు మందులకు కూడా లేదు.

ఏడేళ్ళు ఆ బల్ల దగ్గర ఫెర్మీన్ భార్య ఒతీలియా కూర్చుంది. ఆమె పోయాక, ఈ నాలుగేళ్ళూ ఆయన కూర్చుంటున్నాడు. ఆమె పెట్టిన నియమాలు మూడున్నాయి. ఏడాదికి మించి తేదీ వెయ్యకూడదు, మించితే నిలబడదు. భార్య చేత సాక్షి సంతకం పెట్టించకూడదు, మోసేవి ఆమెకు ఇప్పటికే చాలా ఉన్నాయి. గడువు తీరిన చీటీని రాసినవాళ్ళ చేతికే తిరిగి ఇవ్వాలి, ఇచ్చేదాకా ఒట్టు ఒట్టే. మూడోది ఎందుకు పెట్టిందో ఫెర్మీన్‌కు తెలుసు. చీటీ ఇవ్వడానికి వచ్చినవాడిని కూర్చోబెట్టి కాఫీ పోసి, పిల్లల పేర్లు అడిగి, వాడు కప్పు కింద పెట్టేలోగా ఇంకో చీటీ రాసేది. ఈ నియమాలు ఫాదర్ పెట్టినవి కావు, ఏ పుస్తకంలోనూ లేవు. అయినా కొండ మీది పల్లెల్లో కూడా అవి వేదవాక్కులే.

ఇప్పుడు ఆ మూడో నియమాన్ని పట్టుకునే ఫెర్మీన్ కిటికీ మూసుకుని కూర్చున్నాడు.

నికనోర్‌ది ఇటుకల పని. మూడో తరగతిలో ఫెర్మీన్ దగ్గరే చదువుకున్నాడు. చేతిరాత బాగుండేది. అక్షరం తప్పు పడితే దాని మీద దిద్దేవాడు కాదు, పేజీ మొత్తం మళ్ళీ రాసేవాడు. తర్వాత బట్టీలో చేరాడు, తాగుడు పట్టుకుంది, పెళ్ళాం కూతురిని తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. నాలుగేళ్ళ క్రితం అక్క చెయ్యి పట్టుకుని ఈ అరుగు మీదకు వచ్చాడు. ఆసరా ఇంట్లో ఆరు మంచాలున్నాయి, ఒకదాని మీద ఇరవై రోజులు వణికాడు. ఆ మీదట ఒక చీటీ, ఇంకో చీటీ, మరొకటి. ఒక్కటీ తప్పలేదు. పండుగ రోజు ఫాదర్ అందరి ముందూ అతన్ని నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు.

తాగుడు పోయింది. దాని కింద ఇన్నాళ్ళూ కప్పుకుని ఉన్నదేదో లేచి కూర్చుంది. నికనోర్ తిండి తగ్గిపోయింది. మాట తగ్గిపోయింది. గురువారం సాయంత్రాలు ఆసరా ఇంటి పెరట్లో కాగితంపూల చెట్టు కింద ఎనిమిది కుర్చీలు వేసి, మనసు బాగాలేనివాళ్ళ చేత మాట్లాడించేవారు. నికనోర్ ప్రతి గురువారం వచ్చి ఎనిమిదో కుర్చీలో కూర్చునేవాడు. అందరూ చెప్పింది వినేవాడు. చివర్లో కుర్చీలన్నీ మడిచి గోడకు ఆనించి వెళ్ళేవాడు. తన వంతు వస్తే, "నాకేం లేదు, బాగానే ఉన్నాను" అనేవాడు.

సరిగ్గా ఏడాది క్రితం, మార్చి తొమ్మిదిన, ఈ కిటికీ దగ్గర నిలబడి అడిగాడు.

"మాష్టారూ, తాగుడు కాకుండా వేరేవాటికి కూడా చీటీ రాస్తారా?"

"దేనికి నాయనా?"

నికనోర్ చెప్పాడు. చాలా మర్యాదగా, పోస్టాఫీసులో స్టాంపు అడిగినట్టు చెప్పాడు.

ఫెర్మీన్ కేలండరు వైపు చూశాడు. మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ రావడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఎదుటి మనిషి అడుగుతున్నది ఒట్టు, ఒట్టు తప్పే మనిషి కాదు. ఒక చీటీ తీసి, మద్యం ముట్టనన్న అచ్చు మాటలు కొట్టేసి, పైన చేత్తో రాశాడు: నా చేతులతో నా ప్రాణం తీసుకోను. నికనోర్ సంతకం చేశాడు. సాక్షి గీత మీద ఫెర్మీన్ తానే సంతకం చేశాడు. తేదీల దగ్గర ఖాళీలున్నాయి. నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం ఆ ఖాళీలు నింపిన చెయ్యి అది. ఈ మార్చి తొమ్మిది నుంచి వచ్చే మార్చి తొమ్మిది వరకు అని రాసేసింది.

సాయంత్రం ఇంట్లో కప్పు కడుగుతున్నప్పుడు, ప్రాణం తీసుకోనన్న ఒట్టుకు తను గడువు రాసిచ్చాడని ఫెర్మీన్‌కు తెలిసింది. నీళ్ళు కారుతుండగానే కొళాయి దగ్గర చాలాసేపు నిలబడిపోయాడు. మర్నాడు పొద్దున్నే నికనోర్ ఇంటికి వెళ్ళి చీటీ ఇమ్మన్నాడు, తేదీ తప్పు పడింది, దిద్దుతానన్నాడు.

"రాసింది రాసిందే మాష్టారూ," అన్నాడు నికనోర్. "దిద్దొద్దని చెప్పింది మీరే కదా."

అప్పటినుంచీ ఫెర్మీన్ చెయ్యగలిగింది చేశాడు. నగరం నుంచి నెలకు రెండుసార్లు వచ్చే డాక్టరమ్మకు చూపించాడు. మాత్రలు ఇచ్చింది. వాటితో వేసవిలో నికనోర్ కొద్దిగా తేరుకున్నాడు కూడా, ఒకసారి ఆసరా ఇంటి వంటమనిషి చోలె చేసిన వంటను వెక్కిరించాడు. అక్టోబరులో డాక్టరమ్మకు బదిలీ అయింది. ఆమె కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. ఫెర్మీన్ అతన్ని బస్సులో నగరం పెద్దాసుపత్రికి రెండుసార్లు తీసుకెళ్ళాడు. ఈ వచ్చే జూలైలో రమ్మన్నారు. ప్రతి బుధవారం తీపి రొట్టెలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేవాడు. ఫిబ్రవరిలో వెళ్ళినప్పుడు నికనోర్ తన ఇటుకల అచ్చులు పక్కింటివాడికి ఇచ్చేశాడు. కుక్కను అక్క ఇంట్లో వదిలాడు. ఆమె ఇంటి కప్పు, వానలకు ఇంకా మూడు నెలలుండగానే, బాగుచేసి పెట్టాడు. ఫెర్మీన్ ఫాదర్‌తో చెప్పాడు. "మళ్ళీ రాయించుకుంటాడు లెండి, అందరూ రాయించుకుంటారు" అన్నాడు ఫాదర్. ఆయన చెడ్డవాడు కాదు, పద్నాలుగు పల్లెలు చూసుకోవాలి.

పోయిన బుధవారం ఫెర్మీన్ సూటిగా అడిగాడు. "మళ్ళీ రాయించుకుంటావుగా?"

"ఆదివారం వచ్చి చీటీ ఇచ్చేసి వెళ్తాను మాష్టారూ," అన్నాడు నికనోర్. "ఏడాది చాలా పొడుగ్గా గడిచింది."

వంటింటి వైపు తలుపు తోసుకుని చోలె వచ్చింది. ఆసరా ఇంట్లో మంచాల మీద ఉన్నవాళ్ళకు వండిపెట్టేది ఆమే. చేతిలో కాఫీ.

"ఏం మాష్టారూ, కిటికీకి జలుబు చేసిందా?"

"ఇంకా ఉన్నాడా?"

"ఉన్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. తలుపు బాది గోల చేస్తే మనమూ నాలుగు తిట్టొచ్చు. ఆ అవకాశం కూడా ఇవ్వట్లేదు."

"ఇవాళే చీటీ తేదీ."

"తెలుసు. తెలిసే మీ కాఫీలో బెల్లం ఎక్కువేశాను."

ఫెర్మీన్ కప్పు రెండు చేతుల మధ్యా పట్టుకున్నాడు. వేడిగా ఉంది. దాల్చినచెక్క వాసన వస్తోంది. తాగలేదు.

"ఇవాళ మూశారు, బాగుంది," అంది చోలె గొంతు తగ్గించి. "రేపో? ఎల్లుండో? మీకు డెబ్బై ఒకటి, అతనికి నలభై నాలుగు. ఎవరి ఓపిక ముందు అయిపోతుందో చూద్దామనా?"

"రేపటి సంగతి ఆలోచించలేదు."

"ఊరందరికీ లెక్కలు నేర్పిన మనిషి."

"ఎదురుగా వచ్చి చెయ్యి చాపితే కాదనలేను చోలె. అతను ఇచ్చిన మాట పూర్తిగా నిలబెట్టుకున్నాడు. ఏ ముఖం పెట్టుకుని కాదంటాను? కనిపించకుండా ఉంటే కనీసం ఇవాళ గడుస్తుంది."

చోలె బల్ల మీది పెన్ను తీసి చీటీల పెట్టె పక్కన సర్దింది.

"అతనికేమైనా పెట్టావా?"

"చిక్కుడుగింజలు, రొట్టెలు, పచ్చిమిరప పచ్చడి. పళ్ళెం పక్కన పెట్టుకుని థాంక్స్ చెప్పాడు. ముట్టలేదు. నా చిక్కుడుగింజలు ముట్టనివాడు బతకడం..." అని నాలిక కరుచుకుని, గబగబా శిలువ గుర్తు వేసుకుంది. కళ్ళు కొంగుతో తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఎండ కిటికీ సందులోంచి చీటీల పెట్టె మీదకు ఒక గీతలా జరిగింది. అప్పుడు బయట కొత్త గొంతులు వినిపించాయి.

"అన్నా, ఒట్లు పెట్టించేది ఇక్కడేనా?" ఆడమనిషి. ఆయాసంతో మాట్లాడుతోంది.

"ఇక్కడేనమ్మా. ఇవాళ మాష్టారికి ఒంట్లో బాగాలేదు."

"ఎంత బాగాలేదు? చావుబతుకుల్లో ఉంటే సరే. కాలునొప్పో నడుంనొప్పో అయితే లేచి రమ్మనండి. కొండ మీదనుంచి వస్తున్నాం. రెండు గంటలు నడిచి, ఆపైన వ్యాను పట్టుకుని వచ్చాం. ఈయన మా ఆయన, తోరిబియో."

"చెప్పానా, ఒఫెలియా," అంది మగ గొంతు, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "ఆదివారం దేవుడికే సెలవు, మాష్టారికి ఉండదా? పద పోదాం."

"నోర్ముయ్. రాత్రంతా నీ బూట్లు నా తలకింద పెట్టుకుని పడుకున్నాను, నువ్వు లేచిపోకుండా. నా మెడ చూడు ఎలా పట్టేసిందో. ఇవాళ నువ్వు ఒట్టు పెట్టకుండా ఈ అరుగు దిగావంటే నేను నీతో రాను. బస్టాండులోనే ఉండిపోతా."

"అయితే పెడతా అంటున్నాగా. ఎవరి ముందు పెట్టమంటావు, ఈ తలుపు ముందా? ఉండు, మూల మీద కొట్టు తీసే ఉంది. కాసిని నీళ్ళు తాగొస్తా."

"ఆ కొట్లో నీళ్ళమ్ముతారా?"

ఒఫెలియా కిటికీ రెక్కల మీద అరచేత్తో కొట్టింది. గట్టిగా కాదు, నిద్రపోతున్న పిల్లవాడిని లేపినట్టు.

"అయ్యా, వినిపిస్తోందా? ఈయనకి ఇవాళే బుద్ధి పుట్టింది. రేపటికి ఉండదు. పన్నెండేళ్ళుగా చూస్తున్నాను, ఉండదు."

ఫెర్మీన్ లేచి నిలబడ్డాడు. చెయ్యి గడియ మీద పెట్టాడు. ఇనుము చల్లగా తగిలింది. తీస్తే అరుగు మీద ఇద్దరున్నారు. ఒకడు ఒట్టులోకి రావడానికి, ఒకడు బయటకు పోవడానికి. వంటింటి తలుపు తీసినా అదే అరుగు. పొద్దున్న వెళ్ళిపోయిన నలుగురైదుగురు ఈపాటికి ఎక్కడ కూర్చుని ఉంటారో ఆయనకు తెలియంది కాదు. వాళ్ళని వెనక్కి పంపింది తనే. గడియ మీద చెయ్యి అలాగే ఉంచి, తియ్యకుండా నిలబడ్డాడు. ఒతీలియా అయితే ఏం చేసేదో అని ఆలోచించాడు. ఒతీలియా అయితే అసలు ఆ తేదీ వేసేది కాదు.

బయట మెట్టు దిగుతున్న చప్పుడు. "ఏమయ్యా, ఏమయ్యా" అంటున్న ఒఫెలియా గొంతు దూరమైంది. ఆ వెనకే ఇంకొకరి అడుగులు, బరువుగా. కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత రెక్కల మీద వేలితో రెండుసార్లు తట్టిన చప్పుడు.

"మాష్టారూ, నేను. తియ్యండి."

ఫెర్మీన్ చెవి రెక్కకు ఆనించాడు.

"ఈయన్ని కొట్టు గుమ్మం దగ్గర పట్టుకున్నాను. చేతులు చూశాను. నావీ ఇలాగే ఉండేవి. సాయంత్రందాకా ఆగలేడు. నా చీటీ జేబులోనే ఉంది, ముందు ఆయనకి రాయండి."

ఫెర్మీన్ గడియ తీశాడు.

ఎండ ఒక్కసారిగా ముఖం మీద పడి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఎదురుగా నికనోర్ ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ఒక చేత్తో తోరిబియో మోచెయ్యి పట్టుకున్నాడు. తోరిబియో సన్నటి మనిషి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి, చేతులు చంకల్లో దాచుకున్నాడు. అతని పక్కన ఒఫెలియా, భుజాన సంచి, మెడ ఒక పక్కకి వంచుకుని.

"బాగానే ఉన్నారుగా," అంది ఆమె మాష్టారిని ఎగాదిగా చూసి.

"క్షమించమ్మా," అన్నాడు ఫెర్మీన్.

పెట్టెలోంచి చీటీ తీశాడు. పేరు రాశాడు. ఊరు రాశాడు. సాక్షి ఎవరని అడిగాడు.

"నేను పెడతా," అంది ఒఫెలియా.

"భార్య పెట్టకూడదు."

"ఎందుకని?"

"నీ మెడ చూసుకో," అన్నాడు ఫెర్మీన్. ఆమె మొదటిసారి నవ్వింది.

చోలెను పిలిచారు. చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. "నావల్ల కాదు మాష్టారూ. పదకొండు మందికి పెట్టాను, తొమ్మిది మంది బోర్లా పడ్డారు. నా సంతకంలో శని ఉంది."

ఒఫెలియా నికనోర్ వైపు తిరిగింది. "అన్నా, నువ్వు పెట్టు. పొద్దుటినుంచీ ఇక్కడే కూర్చున్నావంట, నీకు వేరే పనేం లేనట్టుంది."

"నేను పనికిరానమ్మా."

"ఏం, తాగుతావా?"

"మానేసి నాలుగేళ్ళయింది."

"మరింకేం. ఇంతకంటే మంచి సాక్షి నాకెక్కడ దొరుకుతాడు?"

ఫెర్మీన్ తల ఎత్తలేదు. పెన్ను కాగితం మీద తేలుతూ ఆగి ఉంది. ఆయన ఏమీ అనకూడదనుకున్నాడు. నియమం చెప్పక తప్పదు కాబట్టి అదొక్కటే చెప్పాడు. "సాక్షి వారానికోసారి వెళ్ళి చూడాలి. మనిషి జారితే ఇక్కడికి తీసుకురావాలి. తేదీ వరకు సాక్షి ఉండాలి."

నికనోర్ టోపీ అంచు తిప్పుతూ నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళకి రాయమంటావు?" ఫెర్మీన్ తోరిబియోను అడిగాడు.

"ఏడాదికి," అన్నాడు తోరిబియో, భార్యను ఓరకంట చూస్తూ.

"ఏడాదికైతే నేను పెట్టలేను," అన్నాడు నికనోర్.

తోరిబియో ముఖం కందిపోయింది. "ఏమన్నా, నా మొహం చూస్తే అంతదాకా ఆగననిపిస్తోందా?"

"నీ మొహం కాదు తమ్ముడూ."

"మరెవరి మొహం?"

నికనోర్ చూపు చీటీ మీదకు తిప్పుకున్నాడు. "ఆరు నెలలు," అన్నాడు తోరిబియో రోషంగా. నికనోర్ తల అడ్డంగా ఊపాడు. ఒఫెలియా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె చూపు అరుగు మీద చల్లారిపోయిన పళ్ళెం దగ్గరకు వెళ్ళింది, ఉతికిన చొక్కా దగ్గరకు వచ్చింది, మాష్టారి చేతిలో కదలని పెన్ను మీద ఆగింది. బూట్లు తలకింద పెట్టుకుని పడుకునే మనిషి ఆమె. ఈసారి మాట్లాడినప్పుడు ఎకసెక్కం లేదు.

"మీది ఇటుకల ఊరు కదన్నా," అంది మెల్లగా. "మేలో ఇటుక పనివాళ్ళంతా పవిత్ర శిలువ పండగ చేస్తారుగా. అప్పటిదాకా పెట్టరాదూ?"

నికనోర్ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. మార్చిలో మిగిలిన వారాలు, ఏప్రిల్ వారాలు. ఆ వేళ్ళ సందుల్లో ఎర్రమట్టి ఇంకా పోలేదు. మోయవలసిన బరువును ముందు కాలితో కదిపి చూసే కూలీలా లెక్కపెట్టాడు. మధ్యలో ఆగిపోయాడు.

"చాలా దూరం," అన్నాడు. "వారం."

"వారానికా రెండు గంటలు నడిచొచ్చింది?" అన్నాడు తోరిబియో. అయినా ఆ గొంతులో ఇప్పుడు కోపం లేదు. ఎదుటివాడు తనను తక్కువ చెయ్యడం లేదని అతనికీ అర్థమవుతున్నట్టుంది.

నికనోర్ మళ్ళీ మొదటినుంచీ వేళ్ళు మడిచాడు. వంటింట్లో గిన్నెలో ఏదో ఉడుకుతున్న చప్పుడు.

"ఈస్టరుదాకా," అన్నాడు నికనోర్ చివరికి. "ఆ పైన నన్నడగొద్దు."

ఏప్రిల్ ఇరవై. ఆరు వారాలు. ఫెర్మీన్ ఒక్కో అంకె విడివిడిగా, కొత్తగా రాయడం నేర్చుకుంటున్నవాడిలా రాశాడు.

సంతకం పెట్టబోతూ తోరిబియో ఆగాడు. "ఒకవేళ నేను తప్పాననుకోండి. ఈ అన్నకేమైనా పడుతుందా?"

ప్రతివాడూ అడిగే ప్రశ్న అది. నాలుగేళ్ళుగా ఫెర్మీన్ దానికి ధైర్యం చెప్పే గొంతుతో ఒకే జవాబు చెబుతున్నాడు. ఇవాళ కూడా అదే చెప్పాలి. వేరే జవాబు లేదు.

"ఏమీ పడదు. నువ్వు తప్పితే చీటీ చెల్లదు. సాక్షి కూడా విడుదలవుతాడు."

నికనోర్ విన్నాడు. అతను విన్న సంగతి ఫెర్మీన్ చూశాడు.

తోరిబియో కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని సంతకం గీశాడు. కింద నికనోర్ రాశాడు. మూడో తరగతిలో ఉన్న అదే గుండ్రటి చేతిరాత. పటం ముందు తోరిబియో ఒట్టు చదువుతుంటే ఒఫెలియా పెదవులు కూడా కదిలాయి. చోలె ఒక కాగితంలో రొట్టెలు చుట్టి ఆమె సంచిలో పెట్టింది.

"వచ్చే ఆదివారం మా ఇంటికి రా అన్నా," అంది ఒఫెలియా నికనోర్‌తో. "మా ఊరి చర్చి దాటాక నీలం రేకుల ఇల్లు. కోడిని కొయ్యను, ఆశ పెట్టుకోకు. గుడ్లు మాత్రం ఉంటాయి."

"వస్తాను," అన్నాడు నికనోర్.

వాళ్ళు మెట్లు దిగారు. అప్పుడు నికనోర్ చొక్కా జేబులోంచి తన చీటీ తీశాడు. ఏడాదిపాటు పాలకవరు ముక్కలో చుట్టి దాచుకున్నాడు. చుట్టు విప్పి, ముడతలు వేలితో సాపు చేసి, కిటికీలోంచి చాపాడు.

"నాది తీసుకోండి మాష్టారూ."

"కావాలంటే ఇంకో..."

"వద్దు. తేదీ వచ్చింది. మాట మాటే."

ఫెర్మీన్ రెండు చేతులతో అందుకున్నాడు. ఏడాది కిందటి తన సిరా కొంచెం పాలిపోయింది. కొట్టేసిన అచ్చు మాటలు కింద కనిపిస్తూనే ఉన్నాయి. ఒతీలియా వాడిన రిబ్బను విప్పి, తీరిపోయిన చీటీల కట్టలో దాన్ని పెట్టి, మళ్ళీ ముడివేశాడు. ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది. ఇప్పుడు ఈ మనిషికీ చావుకీ మధ్య మిగిలింది ఒక్క చీటీ. అది కొండ మీది తాగుబోతు జేబులో వీధి వెంట నడిచి వెళ్తోంది.

నికనోర్ అరుగు మీద కూర్చుని పళ్ళెం ఒళ్ళోకి తీసుకున్నాడు. ఒక రొట్టె తుంచి, చల్లారిన చిక్కుడుగింజలు అద్దుకుని, నమిలాడు. రుచి కోసం తింటున్నట్టు లేదు. అయినా తిన్నాడు. రెండో ముక్క కూడా తుంచాడు. తలుపు చాటునుంచి చూస్తున్న చోలె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కిటికీలోంచి ఫెర్మీన్, అరుగు మీదనుంచి నికనోర్, ఇద్దరూ వీధి చివరకే చూస్తున్నారు. ఒఫెలియా తోరిబియో చొక్కా చేతిని పిడికిట్లో పట్టుకుని నడుస్తోంది. మూల మీది కొట్టు ముందు అతని నడక నెమ్మదించింది. లోపలినుంచి ఎవరో పలకరించారు. తోరిబియో జేబు తడుముకుని, చీటీ తీసి, పైకెత్తి చూపించాడు. ముందుకు నడిచాడు.

"దాటాడు," అన్నాడు ఫెర్మీన్.

"బస్టాండులోపు ఇంకా రెండు కొట్లున్నాయి," అన్నాడు నికనోర్.

"ఒకటే. రెండోది ఆదివారం తియ్యరు."

"తీశారు మాష్టారూ. వచ్చేటప్పుడు చూశాను."

వీధి మలుపులో ఆడమనిషి సంచి ఒక్కక్షణం కనిపించి మాయమైంది. నికనోర్ పళ్ళెం కింద పెట్టాడు. సగం తిన్నాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, టోపీ పెట్టుకుని లేచాడు.

"వస్తాను మాష్టారూ."

"బుధవారం రొట్టెలు తెస్తాను. ఇంట్లోనే ఉంటావుగా?"

"ఈస్టరుదాకా ఉంటాను," అన్నాడు నికనోర్. కాస్త ఆగి, "ఆయన ఒట్టు మీద ఉంటే," అన్నాడు.

మెట్లు దిగి నడిచాడు. అతని ఇల్లు బట్టీల వైపు, ఎడమకి. అతను కుడికి తిరిగాడు, వాళ్ళు వెళ్ళిన వైపు. తోరిబియోను కొట్టు గుమ్మం దగ్గర మళ్ళీ పట్టుకోవడానికి వెళ్తున్నాడో, వాడు లోపలికి అడుగు పెట్టడం తన కళ్ళతో చూడటానికి వెళ్తున్నాడో ఫెర్మీన్‌కు తెలియలేదు. ఆ తెల్లచొక్కా మలుపు తిరిగేదాకా చూశాడు.

పొద్దున్న పోసిన కాఫీ బల్ల మీద చల్లారి ఉంది. తాగాడు. బెల్లం నిజంగానే ఎక్కువైంది. ఇంకెవరైనా వస్తారేమోనని కిటికీ రెక్కలు పూర్తిగా బార్లా తెరిచి, ఇనుప కొక్కేలు తగిలించి, చీటీల పెట్టె ముందుకు లాక్కుని కూర్చున్నాడు.